ఆఫీసు లాప్‌టాప్, ఇంటి నెట్‌వర్కు: బాధ్యత ఎవరిది?

రైల్వేలోను, తపాలా శాఖలోను పనికి గల హద్దులు ఒకప్పుడు కంటికి కనబడేవి. స్టేషను మాస్టరు చార్జి అప్పగించి సంతకం చేస్తే ఆ షిఫ్టు బాధ్యత అక్కడితో ముగిసేది. తపాలా సంచికి సీలు పడిన తరువాత దానిని ఎవరు విప్పాలో, ఏ పుస్తకంలో నమోదు చేయాలో అందరికీ తెలిసి ఉండేది. లెడ్జరు బీరువాలో, బీరువా తాళంచెవి బాధ్యుడైన ఉద్యోగి వద్ద ఉండేది. ఇంటికి వెళ్లే ఉద్యోగి వెంట అలసట వెళ్లేదే గాని, ఆఫీసు వెళ్లేది కాదు.

నేడు ఆఫీసు ఒక సంచిలో ఇమిడి ఇంటికి వస్తున్నది. పే బిల్లులు, సర్వీసు వివరాలు, సేవింగ్సు ఖాతాల పట్టికలు, డ్యూటీ రోస్టర్లు, స్టోర్సు లెక్కలు అన్నీ లాప్‌టాప్‌లోనే ఉంటున్నాయి. ఆ లాప్‌టాప్‌ను ఇంటి వైఫైకి కలపడం, అందులోని ఫైలును ఇంటి కంప్యూటరుకు పంపుకోవడం, ఇంటి ప్రింటరుపై అచ్చు తీయడం ఎంతోమంది ఉద్యోగులకు నిత్యకృత్యమైపోయింది. ఇది సంఘం పత్రిక సంపాదకీయంలో చర్చించవలసినంత విషయమా అని కొందరు మిత్రులు అడగవచ్చు. ఔననియే మా సమాధానం. కంటికి కనబడని ఈ తీగ గుండా మూడు పెద్ద సమస్యలు మన ఇళ్లలో ప్రవేశిస్తున్నాయి. పనివేళలు ఎక్కడ ముగుస్తాయి? పనిముట్ల ఖర్చు ఎవరు భరించాలి? నష్టం జరిగిననాడు నేరం ఎవరి నెత్తిన పడుతుంది?

ముందుగా ఈ పని ఎందుకు జరుగుతున్నదో చూద్దాం. సాయంత్రం ఐదు గంటలకు వాట్సాప్ గ్రూపులో ఒక ఆదేశం వస్తుంది. మరునాడు పది గంటలకల్లా స్టేట్‌మెంటు డివిజనల్ ఆఫీసులో ఉండాలంటారు. ఆఫీసులో ప్రింటరు పనిచేయదు, లేక సిరా ఉండదు. లాప్‌టాప్ తెర చిన్నది. ఇరవై నిలువు గడుల పట్టిక అందులో పట్టదు. ఇంట్లో పిల్లల చదువు కోసం కొన్న కంప్యూటరు ఉన్నది, దానికి పెద్ద తెర ఉన్నది, పక్కన ప్రింటరు ఉన్నది. ఉద్యోగి ఏం చేస్తాడు? రెండు యంత్రాలను కలిపి పని పూర్తి చేస్తాడు. అది విలాసం కాదు, విధినిర్వహణ. కాని దానిని విధినిర్వహణగా గుర్తించే కాగితం మాత్రం ఏ ఫైలులోనూ దొరకదు.

రెండు కంప్యూటర్లు ఒకే వైఫైపై ఉన్నంత మాత్రాన ఒకదాని ఫైళ్లు మరొకదానికి కనబడవు. విండోస్ యంత్రం తాను చేరిన ప్రతి నెట్‌వర్కును ‘పబ్లిక్’ అనో, ‘ప్రైవేటు’ అనో వర్గీకరించుకుంటుంది. పబ్లిక్ అనుకుంటే తలుపులు మూసుకొని కూర్చుంటుంది. ప్రైవేటు అనుకుంటే ఇరుగుపొరుగు యంత్రాలకు కనబడటానికి ఒప్పుకుంటుంది. ఆపైన ఏ ఫోల్డరును పంచాలో, దానిని ఎవరు చూడవచ్చునో, ఎవరు మార్చవచ్చునో నిర్ణయించాలి. లోపలికి వచ్చే యంత్రం పేరు, పాస్‌వర్డు చెప్పి తన్ను తాను నిరూపించుకోవాలి. ఆఫీసు లాప్‌టాప్ సాధారణంగా ఆఫీసు డొమైను కట్టుబాట్లకు లోబడి ఉంటుంది. ఈ అమరికలలో అనేకం మార్చే అధికారం దానిని వాడే ఉద్యోగికి ఉండదు, ఉండకూడదు కూడ.

ఇంటి యంత్రాలను సులభంగా కలిపే ‘హోమ్‌గ్రూప్’ అనే సదుపాయాన్ని 2018లోనే విండోస్ 10 నుండి తొలగించారు. 2024లో వచ్చిన విండోస్ 11 కూర్పు, ఆఫీసులలో వాడే రకాలలో, పాస్‌వర్డు లేని అతిథి ప్రవేశాలను స్వతహాగా నిరాకరిస్తుంది. అవతలి యంత్రం పంపే ప్రతి సందేశానికి ఎలక్ట్రానిక్ సంతకం ఉండాలని పట్టుబడుతుంది. అందువలన ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న పాత నిల్వ పెట్టె కొత్త లాప్‌టాప్‌కు హఠాత్తుగా కనబడకుండా పోతుంది. యంత్రం చెడిపోలేదు. తనకు చెప్పిన కాపలా పని అది చేస్తున్నది.

ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. ఫైలు పోదు. రాత్రి పది దాటుతుంది. పక్కింటి కుర్రవాడో, యూట్యూబు వీడియోయో సలహా ఇస్తారు. ఫైర్‌వాల్ ఆపివేయండి. పాస్‌వర్డు రక్షణ తీసివేయండి. ఫోల్డరును ‘ఎవ్రీవన్’ పేర ఇచ్చివేయండి. పాత రకం ఫైళ్ల పంపకాన్ని మళ్లీ తెరవండి. ఇవన్నీ చేస్తే ఫైలు పోతుంది, స్టేట్‌మెంటు వెళుతుంది, పై అధికారి సంతోషిస్తాడు. కాని తీసిన గడియను తిరిగి వేయడం ఎవరికీ గుర్తుండదు. మరునాడు ఉదయం ఆ తెరచిన గడియతోనే లాప్‌టాప్ ఆఫీసు నెట్‌వర్కులోకి అడుగుపెడుతుంది.

ఆ గడియ విలువ ఎంతో చరిత్ర చెప్పింది. విండోస్ యంత్రాలు ఫైళ్లను, ప్రింటర్లను పంచుకునే పద్ధతిని ఎస్.ఎం.బి. అంటారు. 2017 మే 12న ప్రపంచంపై విరుచుకుపడిన వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము సరిగా ఈ బాటనే వచ్చింది. ఎస్.ఎం.బి. మొదటి రకంలోని లోపాన్ని పట్టుకొని, ఎవరూ ఏ మీటా నొక్కకుండానే ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పాకింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆ లోపానికి మరమ్మతును మైక్రోసాఫ్టు 2017 మార్చిలోనే విడుదల చేసి ఉన్నది. చేయించుకోని యంత్రాలు దొరికిపోయాయి. సుమారు 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపవలసి వచ్చింది. జర్మనీ రైల్వే సంస్థ డాయిష్ బాన్ స్టేషన్లలో రైళ్ల వేళలు చూపే బోర్డులపై డబ్బు కోరే ప్రకటన ప్రత్యక్షమైంది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని ఈ దాడికి గురి అయ్యాయి.

తపాలా సోదరులకు మరొక ఉదాహరణ. 2023 జనవరిలో బ్రిటన్ తపాలా సంస్థ రాయల్ మెయిల్‌పై ఇటువంటి డబ్బు గుంజే దాడియే జరిగింది. విదేశాలకు వెళ్లవలసిన పార్సిళ్లు నిలిచిపోయాయి. సేవలు పూర్తిగా కోలుకోవడానికి వారాలు పట్టింది. కంప్యూటరుకు తగిలిన దెబ్బకు సమాధానం చెప్పుకోవలసినవాడు కౌంటరు వద్ద ప్రజల ముఖం చూచే ఉద్యోగియే.

ఇంటి కంప్యూటరే సంస్థ ఖజానాకు దారి అయిన సంఘటన కూడ ఉన్నది. లాస్ట్‌పాస్ అనేది జనం పాస్‌వర్డులను భద్రపరచే అమెరికా సంస్థ. ఆ సంస్థ రహస్య నిల్వల తాళాలు నలుగురు ఇంజనీర్లకు మాత్రమే అందుబాటులో ఉండేవి. 2022లో దుండగులు వారిలో ఒకరి ఇంటి కంప్యూటరును పట్టుకున్నారు. సినిమాలు, పాటలు దాచుకొని చూచుకునే ఒక సాఫ్టువేరు అందులో ఉన్నది. దాని లోపానికి మరమ్మతు 2020లోనే వచ్చినా, ఆ యంత్రంలో అది జరగలేదు. ఆ సందు గుండా లోపలికి చేరి, అతడు నొక్కే ప్రతి అక్షరాన్ని నమోదు చేసుకొని, ప్రధాన పాస్‌వర్డును తెలుసుకున్నారు. ఖాతాదారుల నిల్వల నకళ్లు దొంగల పాలయ్యాయి. ఈ వివరాలను 2023లో ఆ సంస్థయే ప్రకటించింది. అంతటి నిపుణుని ఇంట్లోనే ఇది జరిగినప్పుడు, మూడు రోజుల శిక్షణతో కంప్యూటరు ముందు కూర్చున్న మన ఉద్యోగి ఇంటి నెట్‌వర్కును ఒంటరిగా కాపాడుకోగలడని పాలకవర్గం ఎలా ఆశిస్తున్నది?

ఇక ఆదేశాల సంగతి చూద్దాం. ప్రభుత్వ సమాచారాన్ని గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటి ప్రభుత్వేతర నిల్వలలో పెట్టరాదని 2022 జూన్‌లో జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం ప్రభుత్వోద్యోగులకు మార్గదర్శకాలు ఇచ్చింది. అది సరియైన జాగ్రత్తయే. మేము దానిని వ్యతిరేకించడం లేదు. అయితే పెన్‌డ్రైవ్ వద్దంటారు, బయటి నిల్వ వద్దంటారు, సొంత ఈమెయిలు వద్దంటారు. స్టేట్‌మెంటు మాత్రం రాత్రికి రాత్రే కావాలంటారు. చేయి కట్టివేసి అన్నం తినమన్నట్లున్నది ఈ వ్యవహారం. నిషేధం కాగితం మీద వస్తున్నది, పని ఫోనులో వస్తున్నది. కాగితానికి సాక్ష్యం ఉంటుంది; ఫోనులోని నోటిమాటకు సాక్ష్యం ఉండదు. విచారణాధికారి ముందు నిలబడేది కాగితమే.

ఆ విచారణ ఎలా ఉంటుందో మన సభ్యులకు వివరించనక్కరలేదు. 1966 నాటి రైల్వే ప్రవర్తనా నియమావళిలో గాని, 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలో గాని, అధికారిక సమాచారం అనుమతి లేకుండా ఇతరులకు చేరడం దోషమే. తపాలా శాఖలో ‘కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్’ అనే మాట వింటేనే ఉద్యోగి గుండె జారిపోతుంది. ఎవరో చేసిన మోసంలో తన అజాగ్రత్త పాలు ఉన్నదని చెప్పి జీతంలో నుండి కోసివేసే పద్ధతికి అది మారుపేరు. రేపు ఇంటి వైఫై గుండా ఖాతాల వివరాలు బయటికి పోతే ఆ మాటనే మళ్లీ ప్రయోగించరని హామీ ఎక్కడ ఉన్నది?

చట్టం చెప్పేది వేరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రజల వివరాలను భద్రపరచే బాధ్యతను వాటిని సేకరించి వినియోగించే సంస్థపై పెట్టింది. తగిన రక్షణ ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని అందులో ఉన్నది. ఆ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోకి వచ్చే ఏర్పాటు జరిగింది. రక్షణ సంస్థ ధర్మమని చట్టమే చెప్పిన తరువాత, ఆ ధర్మాన్ని అట్టడుగు ఉద్యోగి ఇంటి రౌటరుకు అప్పగించడం న్యాయం కాదు.

పనిముట్ల విషయంలోను ఇదే అన్యాయం. 2023 జూలైలో కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖ వ్యయ విభాగం జారీచేసిన ఉత్తర్వు ప్రకారం డిప్యూటీ సెక్రటరీ, ఆ పై స్థాయి అధికారులకు లాప్‌టాప్ వంటి పరికరాలు ఇవ్వవచ్చును. సెక్షన్ ఆఫీసర్లు, అండర్ సెక్రటరీల విషయంలో మంజూరైన పోస్టులలో సగం వరకు ఇవ్వవచ్చును. నాలుగేళ్ల తరువాత వారు ఆ పరికరాన్ని తమ వద్దనే ఉంచుకోవచ్చును. అయితే ముందుగా అందులోని సమాచారాన్ని పూర్తిగా తుడిచివేయాలి. పై మెట్టున ఉన్నవారికి పరికరానికొక నియమం, దాని ధరకొక పరిమితి, తుడిచివేతకొక పద్ధతి ఉన్నాయి. కింది మెట్టున సొంత కంప్యూటరుతో, సొంత వైఫైతో, సొంత కాగితంతో ప్రభుత్వ పని చేస్తున్నవానికి ఏ నియమం ఉన్నది? అతని ఇంటి కంప్యూటరులో మిగిలిపోయిన పే బిల్లు నకలును ఎవరు తుడుస్తారు?

ఈ సమస్య అతి తీవ్రంగా కనిపించేది గ్రామీణ డాక్ సేవకుల వద్ద. బ్రాంచి పోస్టాఫీసుకు వసతి చూపవలసినవాడు బ్రాంచి పోస్టుమాస్టరే. కనుక అనేక గ్రామాలలో అతని ఇంటి ముందుగదియే పోస్టాఫీసు. 2017 డిసెంబరులో ప్రారంభమైన దర్పణ్ పథకం దేశంలోని సుమారు 1.29 లక్షల బ్రాంచి ఆఫీసులకు చేతి పరికరాలు చేర్చడానికి ఉద్దేశించింది. 2025 ఆగస్టు నాటికి దేశవ్యాప్తంగా తపాలా శాఖ కొత్త సాఫ్టువేరుకు మారింది. సిగ్నలు సరిగా అందని ఊళ్లలో ఉద్యోగి ఏం చేస్తాడు? తన ఫోను హాట్‌స్పాటునో, ఇంటి వైఫైనో ఆశ్రయిస్తాడు. అదే వైఫైపై పిల్లల ఫోన్లు, టీవీ, అతిథుల ఫోన్లు ఉంటాయి. ఆఫీసును ఇంట్లో పెట్టమన్న శాఖయే, ఆఫీసు తీగను ఇంటి తీగ నుండి వేరుచేసే ఏర్పాటు కూడ చేయాలి గదా!

పనివేళల మాట మరువరాదు. 1989 నాటి రైల్వే చట్టం ‘కంటిన్యుయస్’ తరగతి ఉద్యోగికి రెండు వారాల సగటున వారానికి 54 గంటలు, ‘ఇంటెన్సివ్’ తరగతికి 45 గంటలు పరిమితి విధించింది. పరిమితి దాటిన పనికి మామూలు రేటుకు రెండింతలకు తగ్గకుండా ఓవర్‌టైము చెల్లించాలన్నది. ఈ గంటలు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, తరాల పోరాటం వలన చట్టంలో కెక్కినవి. మరి రాత్రి తొమ్మిది నుండి పదకొండు వరకు ఇంటి కంప్యూటరు ముందు సాగే పని ఏ రోస్టరులో ఉన్నది? ఫైలు ఇంటికి రావడానికి దారి వేస్తే, దాని వెనుకనే గంటలు కూడ వస్తాయి. ఫ్రాన్సులో 2017 నుండి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుండి పనివేళల తరువాత ఆఫీసు సంపర్కానికి దూరంగా ఉండే హక్కును చట్టం గుర్తించింది. మన దేశంలో ఆ హక్కు ఇంకను సాధించుకోవలసి ఉన్నది.

మా మాటలను యంత్ర విద్వేషంగా వక్రీకరించేవారు ఉండవచ్చు. 1980ల నడుమ రిజర్వేషను కౌంటర్లలోకి కంప్యూటరు ప్రవేశించిన నాటి వాదోపవాదాలు పాత సభ్యులకు గుర్తుండే ఉంటాయి. యంత్రం రావడం ఆగలేదు, ఆగవలసిన అవసరమూ లేదు. అది ఏ షరతులపై వస్తున్నదన్నదే అప్పుడూ ఇప్పుడూ ప్రశ్న. ఇంటి నుండి కొంత పని చేసుకునే వీలు చంటిబిడ్డల తల్లులకు, వికలాంగులైన ఉద్యోగులకు, దూరప్రాంతాల నుండి వచ్చేవారికి నిజంగా మేలు చేస్తుంది. ఆ వీలును మేము కోరుతున్నాము. అయితే దాని ధర చార్జిషీటు కారాదంటున్నాము.

కోరికలు కోరే ముందు మన ఇల్లు మనం చక్కదిద్దుకోవాలి. ఆఫీసు లాప్‌టాప్ మనది కాదు, ప్రజలది. అందులోని వివరాలు మన వంటి ఉద్యోగులవి, పింఛనుదారులవి, పొదుపు చేసుకున్న పేదలవి. కావున ప్రతి సభ్యుడు ఈ క్రింది జాగ్రత్తలు పాటించాలని కోరుతున్నాము.

ఆఫీసు లాప్‌టాప్‌లో ఫోల్డరును ఇంటి నెట్‌వర్కుకు పంచవద్దు. ఇంటి వైఫైకి కలిపినా, దానిని ‘పబ్లిక్’ నెట్‌వర్కుగానే ఉంచండి. ఇంటర్నెట్టు అందుతుంది, ఇతర యంత్రాలకు లాప్‌టాప్ కనబడదు. ఫైర్‌వాల్‌ను ఎవరు చెప్పినా ఆపవద్దు. మీ రౌటరులో అతిథి నెట్‌వర్కు అనే సదుపాయం ఉంటే, ఆఫీసు యంత్రాన్ని దానిపై విడిగా ఉంచండి. రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును మార్చండి. విండోస్ 10కు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసిందని గుర్తుంచుకోండి. అటువంటి పాత ఇంటి యంత్రాన్ని ఆఫీసు ఫైళ్ల దరికి రానీయవద్దు. ఆఫీసు వారు వి.పి.ఎన్. ద్వారా గాని, ఈ-ఆఫీసు ద్వారా గాని దారి చూపితే ఆ దారినే నడవండి, ఫైలును అక్కడే ఉంచి పనిచేయండి. పొరపాటున ఏదైనా బయటపడితే దాచవద్దు. వెంటనే వ్రాతపూర్వకంగా తెలియజేసి నకలు ఉంచుకోండి. ఇటువంటి సంఘటనలను ఆరు గంటలలోగా తనకు తెలపాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో సంస్థలను ఆదేశించింది. ఆలస్యం నష్టాన్ని పెంచుతుంది. నోటిమాటగా వచ్చిన పనికి మర్యాదగానే, కాని తప్పకుండా, వ్రాతపూర్వక ఆదేశం అడగండి.

పాలకవర్గం ముందు మా కోరికలు ఇవి:

1. ఇంటి వద్ద చేయవలసిన ప్రతి పనికి వ్రాతపూర్వక ఆదేశం ఉండాలి. ఆ గంటలు డ్యూటీగా లెక్కకు రావాలి.

2. ఆ పనికి అవసరమైన లాప్‌టాప్, తెర, ఇంటర్నెట్టు ఖర్చు శాఖయే భరించాలి. సొంత కంప్యూటరును, సొంత ప్రింటరును వాడమని ఎవరినీ నిర్బంధించరాదు.

3. ఫైళ్లు ఇంటి యంత్రానికి దిగే అవసరమే లేకుండా, సురక్షితమైన వి.పి.ఎన్.ను, ఆఫీసు సర్వరుపైనే పనిచేసే ఏర్పాటును కల్పించాలి. అచ్చు తీసే పనికి ఆఫీసులోనే పనిచేసే ప్రింటరు ఉండాలి.

4. బ్రాంచి పోస్టాఫీసులకు ఇంటి నెట్‌వర్కుతో సంబంధం లేని ప్రత్యేక కనెక్షను శాఖ ఖర్చుపై ఇవ్వాలి.

5. ఏది అనుమతి, ఏది నిషేధమో తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో స్పష్టంగా ముద్రించి ఇవ్వాలి. డ్యూటీ వేళలలోనే శిక్షణ ఇవ్వాలి.

6. శాఖ తగిన సాధనం సమకూర్చని చోట, సద్బుద్ధితో పని పూర్తిచేసిన ఉద్యోగిపై శిక్షా చర్య, జీతంలో కోత ఉండరాదు. తనంతట తానుగా లోపాన్ని తెలియజేసినవానికి రక్షణ ఉండాలి.

ఈ కోరికలలో అసాధ్యమైనది ఒక్కటి లేదు. ఇంజను పొగొట్టమనేటప్పుడు బొగ్గు ఇంటి నుండి తెచ్చుకోమని ఏ షెడ్డులోనూ అనలేదు. తపాలా సంచి మోయమనేటప్పుడు సంచి కుట్టుకొని రమ్మని ఏ పోస్టాఫీసులోనూ అనలేదు. పనిముట్టు యజమాని ఇవ్వాలి, దాని రక్షణ యజమాని చూడాలి అన్నది పారిశ్రామిక సంబంధాలలో ప్రాథమిక సూత్రం. పనిముట్టు ఇనుముతో చేసినదైనా, విద్యుత్తుతో నడిచేదైనా ఆ సూత్రం మారదు.

శాఖా కార్యదర్శులు తమ తమ యూనిట్లలో ఎంతమంది ఉద్యోగులు ఇంటి యంత్రాలపై ఆఫీసు పని చేస్తున్నారో, ఎవరి ఆదేశంపై చేస్తున్నారో, ఎంత ఖర్చు భరిస్తున్నారో పేర్లు బయటపెట్టకుండా వివరాలు సేకరించాలి. రైల్వేలో 1952 నుండి ఉన్న శాశ్వత సంప్రదింపుల వేదికలోను, కేంద్రోద్యోగులకు 1966లో ఏర్పడిన జె.సి.ఎం. వేదికలోను ఈ విషయాన్ని చర్చనీయాంశంగా చేర్పించాలి. ఒక్కొక్క ఉద్యోగి ఒంటరిగా తన రౌటరు ముందు కూర్చొని పరిష్కరించుకోగల సమస్య కాదిది. అందరూ కలిసి అడిగితేనే ఆఫీసు పనికి ఆఫీసు దారి ఏర్పడుతుంది. అంతవరకు ఇంటి తలుపు గడియను జాగ్రత్తగా వేసి ఉంచుదాం. వ్రాతపూర్వక ఆదేశం లేనిదే దానిని తీయకుందాం.